గేట్‌పాస్, పోలీస్ వెరిఫికేషన్: రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, కెమికల్ కంపెనీల్లో పనికెళ్లేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

గాజువాకలో ఓ కాంట్రాక్టర్ ఆఫీసులో పదకొండేళ్లుగా నేను చేసేది ఒకటే పని, కుర్రాళ్ల కాగితాలు సర్ది గేట్‌పాస్ సెక్షన్‌కు పంపడం. షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపడం) సీజన్ వచ్చిందంటే పొద్దున్నుంచీ ఫోన్లే, అన్నింట్లోనూ అవే డౌట్లు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు. నేను పోలీసునీ కాదు, లాయర్‌నీ కాదు. ప్లాంటుకూ ప్లాంటుకూ తేడాలుంటాయి, చివరి మాట ఎప్పుడూ ఆ గేటుదే.

## పనికి ఒప్పుకునే ముందు

నేను వెల్డర్‌ని. నా మీద పోలీస్ ఎంక్వైరీ ఎందుకు, నేనేమైనా దొంగనా?

ఈ మాట అనని కుర్రాడు లేడు. మీరు దొంగ కాదు, కానీ మీరు వెళ్లేది గ్యాస్ గోళాలు, క్రూడ్ ట్యాంకులు, అమ్మోనియా, క్లోరిన్ ఉండే చోటికి. అక్కడ ఒక్క వాల్వు తిప్పితే ఊరికే ముప్పు. 1964లో రాంచీలోని హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే, జస్టిస్ ముఖర్జీ కమిషన్ విచారించి ప్రభుత్వ ఫ్యాక్టరీలకు ప్రత్యేక బలగం కావాలంది. అలా 1968లో చట్టం, 1969 మార్చి 10న సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వచ్చాయి. ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. 1997 సెప్టెంబర్ 14న మన విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ లీకై మంటలు లేచినప్పుడు అరవై మంది దాకా చనిపోయారు. అది కుట్ర కాదు, ప్రమాదమే. కానీ అలాంటి రోజున లోపల ఎవరున్నారో పేరూ ఊరూ సహా బయట తెలిసి ఉండాలి కదా. మీ వెరిఫికేషన్ కాగితం ఆ లెక్కకు కూడా ఆధారం.

గేట్‌పాస్, పోలీస్ వెరిఫికేషన్, పీసీసీ మూడూ ఒకటేనా?

కాదు. పోలీస్ వెరిఫికేషన్ అంటే మీరు ఫలానా చోట ఉంటున్నారు, మీ మీద ఫలానా కేసులున్నాయి లేదా లేవు అని పోలీసులు ఇచ్చే రిపోర్టు. గేట్‌పాస్ అంటే ఆ రిపోర్టు, మిగతా కాగితాలు చూసి ప్లాంటు ఇచ్చే అనుమతి. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం, దాన్ని ఇక్కడి గేటు దగ్గర చూపిస్తే చాలాచోట్ల పక్కన పెట్టేస్తారు. మా దగ్గర ఒక కుర్రాడు గల్ఫ్ కోసం తీసుకున్న పీసీసీ తెచ్చి, 'ఇంతకన్నా పెద్ద కాగితం ఏముంటుంది సార్' అని గొడవ. పెద్దదే, కానీ ఈ తాళానికి ఆ తాళంచెవి పట్టదు.

అన్ని కంపెనీల్లోనూ ఇంతేనా? ఫార్మా సిటీలో మా తమ్ముడిని ఆధార్ జిరాక్స్ ఒక్కటే అడిగారు.

తేడా ఉంది. రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, పోర్టు లాంటి సీఐఎస్ఎఫ్ కాపలా ఉన్న చోట్ల వెరిఫికేషన్ గట్టిగా అడుగుతారు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మణుగూరు భారజల ప్లాంట్, శ్రీహరికోట లాంటి చోట్ల ఇంకా లోతుగా చూస్తారు. వీటిల్లో కొన్ని 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలాలు, లోపల ఒక ఫోటో తీసినా చిక్కే. ప్రైవేటు కెమికల్, ఫార్మా యూనిట్లలో మాత్రం చాలావరకు మేనేజ్‌మెంట్ ఎంత పట్టుదలగా ఉంటే అంత. నా మటుకు ఇది తప్పనిపిస్తుంది, సాల్వెంట్ ట్యాంకుకు ప్రభుత్వం, ప్రైవేటు అని తేడా తెలీదు.

పోలీస్ వెరిఫికేషన్ అడిగే ప్లాంట్ అంటే సేఫ్ ప్లాంట్ అన్నట్టేనా?

అస్సలు కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికొచ్చింది బయటివాడెవడో లోపలికి దూరినందుకు కాదు, ట్యాంకులో వేడి పెరిగినందుకు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో 17 మంది పోయినప్పుడూ కారణం బయటివాడు కాదు. పోలీసులు మనిషిని చూస్తారు, ట్యాంకును చూడరు. వెరిఫికేషన్ అయిపోయింది కదా అని సేఫ్టీ ట్రైనింగ్‌లో వెనక బెంచీలో నిద్రపోకండి.

## కాగితాల దగ్గర

ఏమేం కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

ఆధార్, పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్ లేదా మరో ఆధారం, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఇప్పుడు ఉంటున్న చోటికి అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో, పీఎఫ్ యూఏఎన్ నంబర్, ఈఎస్ఐ నంబర్, బ్యాంకు పాస్‌బుక్. ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటే అదీ. ఫోటో ఈ మధ్య తీయించుకున్నదే ఇవ్వండి. గడ్డం లేని ఫోటో ఇచ్చి అయ్యప్ప మాలలో గేటుకొస్తే జవాను రెండుసార్లు చూస్తాడు మరి.

ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో చివరుంది, పాన్ కార్డులో ఒక్క అక్షరమే. రిజెక్ట్ అవుతుందా?

నా అనుభవంలో ఎక్కువ ఫైళ్లు ఆగేది కేసుల వల్ల కాదు, సరిగ్గా దీనివల్లే. మన పేర్లు మనకు అర్థమవుతాయి, కంప్యూటర్‌కు కావు. 'వై. అప్పలరాజు', 'యర్రా అప్పలరాజు', 'అప్పల రాజు యర్రా' మనకు ఒక్కడే, సిస్టమ్‌లో ముగ్గురు. మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నది కూడా లెక్కే. నాగేశ్వరరావు అని కలిపి ఒకచోట, నాగేశ్వర, రావు అని విడదీసి ఇంకోచోట ఉంటే పీఎఫ్ దగ్గర ఆగిపోతుంది, పీఎఫ్ ఆగితే గేట్‌పాస్ ఆగుతుంది.

చేయాల్సింది ఇది. ఒక కాగితాన్ని తల్లికాగితం అనుకోండి, పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే అదే మంచిది, మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఆధార్‌లో పేరు మామూలుగా రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే, అందుకని మీసేవ కుర్రాడు తొందరపెట్టినా స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదివాకే సరే అనండి. అప్పటికప్పుడు మార్చే టైం లేకపోతే, ఈ మూడు పేర్లూ ఒక్కరివే అని నోటరీ అఫిడవిట్ పెడితే కొన్నిచోట్ల తాత్కాలికంగా ఒప్పుకుంటారు.

ఆధార్‌లో విశాఖపట్నం జిల్లా అని ఉంది, ఇప్పుడు మాది అనకాపల్లి జిల్లా. ఏది రాయాలి?

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక పుట్టిన తలనొప్పి ఇది. పరవాడ, అచ్యుతాపురం, నర్సీపట్నం వాళ్ల పాత ఆధార్‌లలో విశాఖపట్నం అనే ఉంటుంది, దాన్ని చూసి అప్లికేషన్ విశాఖ కమిషనరేట్‌కు పంపిస్తే అక్కడ 'మా పరిధి కాదు' అని వెనక్కొస్తుంది, పది రోజులు గల్లంతు. అప్లికేషన్‌లో ఇప్పటి జిల్లా, ఇప్పటి పోలీస్ స్టేషన్ రాయండి. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారినప్పుడూ ఇదే గోల, పాత కరీంనగర్ వాళ్లు ఇప్పుడు జగిత్యాలో పెద్దపల్లో చూసుకోవాలి. ఆధార్‌లో అడ్రస్ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు కాబట్టి అదీ సరిచేయించుకుంటే మళ్లీ మళ్లీ ఈ బాధ ఉండదు.

సొంతూరు శ్రీకాకుళం దగ్గర, ఉండేది శ్రీహరిపురంలో అద్దెకు. ఎంక్వైరీ ఎక్కడ జరుగుతుంది?

సాధారణంగా శాశ్వత చిరునామా ఉన్న స్టేషన్ నుంచి అడుగుతారు, కొన్ని ప్లాంట్లు రెండుచోట్ల నుంచీ కావాలంటాయి. అద్దెకున్న చోట మీ వివరాలు ఇంటి యజమాని స్టేషన్‌లో ఇచ్చి ఉంటే పని తేలిక. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ముందే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే పోలీసు ఇంటికొచ్చాడని వాళ్లు పడే కంగారు అంతా ఇంతా కాదు.

మేస్త్రిని. నా గ్యాంగ్‌లో సగం మంది ఒడిశా, బీహార్, బెంగాల్ కుర్రాళ్లు. వాళ్లకు ఎలా?

వాళ్ల కాగితం వాళ్ల జిల్లా నుంచే రావాలి, ఆ ఆలస్యానికి మందు లేదు. అందుకే పని మొదలయ్యే వారం ముందు కాదు, రైలెక్కే ముందే వాళ్ల ఊళ్లోనే అప్లై చేయించి, రసీదు చేతిలో పెట్టుకుని రమ్మనండి. షట్‌డౌన్ పని నెలా నెలన్నరే ఉంటుంది, ఇక్కడికొచ్చి అప్లై చేస్తే పాస్ వచ్చేసరికి పనే అయిపోతుంది. ఆ రోజులన్నీ కూలి లేకుండా మీ గదిలో కూర్చుని మీ బియ్యమే తింటారు. కొన్ని ప్లాంట్లు తాత్కాలిక పాస్ ఇస్తాయి, కానీ అది కాంట్రాక్టర్ హామీ మీద. వాడేదైనా చేస్తే మెడకు చుట్టుకునేది ఆయనకే, ఆయన వదిలేది మిమ్మల్నే.

ఏజెంట్ రెండు రోజుల్లో పోలీస్ వెరిఫికేషన్ తెప్పిస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

వద్దు. నేను పనిలో చేరిన కొత్తలో నాకు తెలిసిన ఒక సంస్థ ఇలాగే ఒక ఏజెంట్ ద్వారా ఇరవై మూడు సర్టిఫికెట్లు తెప్పించింది. స్టాంపు, సంతకం అన్నీ ముద్దుగా ఉన్నాయి. గేట్‌పాస్ సెక్షన్‌లో ఒక పెద్దాయన వాటిని బల్ల మీద పరిచి చూస్తే ఇరవై మూడింటిలోనూ సంతకం ఒకే కోణంలో, ఒకే చోట సిరా చిందినట్టు చిన్న చుక్కతో సహా ఉంది. స్కాన్ చేసి అంటించారన్నమాట. కుర్రాళ్లందరినీ బ్లాక్‌లిస్ట్‌లో పెట్టారు, పాపం వాళ్లలో చాలామందికి కాగితం దొంగదని కూడా తెలీదు. ఇప్పుడైతే నంబరు, క్యూఆర్ కోడ్ కొట్టి నిమిషంలో చూసేస్తారు. ఏ కేసూ లేనివాడి మీద ఫోర్జరీ కేసు పడటమంటే అంతకన్నా ఖర్మ ఇంకోటి లేదు.

కనిపించిన ప్రతివాడికీ ఆధార్ జిరాక్స్ ఇవ్వాలంటే భయంగా ఉంది.

భయపడాల్సిందే. మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (యూఐడీఏఐ) వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, సబ్ కాంట్రాక్టర్లకు, గది ఓనర్లకు అది చాలు. గేట్‌పాస్ సెక్షన్ పూర్తి నంబర్ అడిగితే జిరాక్స్ మీద 'ఫలానా ప్లాంట్ గేట్‌పాస్ కోసం మాత్రమే' అని అడ్డంగా రాసి తేదీ వేయండి. ఆ జిరాక్స్‌తో ఎవడో సిమ్ తీసుకున్నాడని తర్వాత మొత్తుకుని లాభం లేదు.

## ఎంక్వైరీ నడుస్తున్నప్పుడు

పోలీసులు అసలు ఏం చూస్తారు?

మూడు విషయాలు. మీరు చెప్పిన మనిషి మీరేనా, చెప్పిన చోట ఉంటున్నారా, మీ పేరు మీద ఏమైనా ఉందా. స్టేషన్ రికార్డులతో పాటు సీసీటీఎన్ఎస్ అనే దేశవ్యాప్త కంప్యూటర్ వ్యవస్థలో కూడా వెతుకుతారు, 2009లో మంజూరైంది అది. కాబట్టి వేరే జిల్లాలో పడిన కేసు ఇక్కడ తెలీదులే అనుకునే రోజులు పోయాయి. కొన్ని సున్నితమైన ప్లాంట్లకు స్పెషల్ బ్రాంచ్ వాళ్లు విడిగా విచారిస్తారు. మీ కులం, ఓటు, అప్పులు, ప్రేమ వ్యవహారాలతో వాళ్లకు పనిలేదు, అడిగితే మర్యాదగా దాటేయండి.

కానిస్టేబుల్ ఇంటికొస్తే ఏం అడుగుతారు?

ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏం పని, ఇంట్లో ఎవరెవరు, ఏ కంపెనీ కోసం, ఇంతకుముందు ఎక్కడ చేశారు. ఒరిజినల్స్ చూస్తారు, పక్కింటి వాళ్లను ఒకరిద్దరిని అడుగుతారు. గొడవంతా అక్కడే వస్తుంది. మా కుర్రాడొకడు నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాడు, కానిస్టేబుల్ వచ్చి కింద ఇంటావిడను 'ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడా అమ్మా' అనడిగితే, ఆవిడ పోలీసును చూసి బెదిరిపోయి 'మాకేటీ తెల్దు బాబూ, ఆ పేరుగలోళ్లెవరూ లేరు' అనేసింది. రిపోర్టులో 'సదరు చిరునామాలో లేరు' అని పడింది. మేడ మీద వాడు గుర్రు పెడుతూనే ఉన్నాడు. మళ్లీ అప్లై చేసి, ఆవిడను ఒప్పించి, కాగితం వచ్చేసరికి నెల. అందుకే అప్లై చేసిన రోజే ఓనర్‌కూ ఇటూ అటూ ఉన్న రెండిళ్లకూ చెప్పి పెట్టుకోండి.

'చాయ్ ఖర్చులు' ఇవ్వాలా?

ఫీజు ఉంటే దానికి రసీదు ఉంటుంది. రసీదు లేనిది ఫీజు కాదు. గట్టిగా అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064. చాలామంది 'ఎందుకొచ్చిన గొడవ' అని ఓ రెండొందలు చేతిలో పెడతారని నాకూ తెలుసు, కానీ ఇవ్వని వాళ్ల కాగితాలు కూడా వచ్చాయి, నా బీరువాలో ఉన్నాయి.

ఎన్ని రోజులు పడుతుంది?

అన్నీ సరిగ్గా ఉంటే రెండు మూడు వారాలు అనుకోండి. ఎన్నికలు, పండగ బందోబస్తు, వీఐపీ పర్యటనలు వస్తే స్టేషన్‌లో మనిషే దొరకడు. అప్లికేషన్ నంబర్ దగ్గర పెట్టుకుని వారానికోసారి అడగండి, రోజూ వెళ్లి నిలబడితే విసుక్కుంటారు.

## పాత కేసులు ఉంటే

పదేళ్ల కింద జాతరలో కొట్లాట కేసు పడింది, కోర్టు కొట్టేసింది. ఫారంలో రాయాలా?

ఫారంలో 'ఎప్పుడైనా కేసు నమోదైందా' అని అడిగితే రాయాల్సిందే, కొట్టేసినా సరే. 'శిక్ష పడిందా' అని మాత్రమే అడిగితే లేదు అని రాయొచ్చు. ప్రశ్నను రెండుసార్లు చదవండి, మన వాళ్లు అదే చేయరు. 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇలాంటి వెరిఫికేషన్ ఫారాల గురించే చెప్పింది: అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి, చిన్న వయసులో జరిగిన చిల్లర కేసును దాచినా యజమాని చూసీ చూడనట్టు వదిలేయొచ్చు, అయితే నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. అది ఉద్యోగాల విషయం, కానీ గేట్‌పాస్ దగ్గర కూడా జరిగేది దాదాపు అదే. రాసినవాడిని పిలిచి నాలుగు ప్రశ్నలడిగి పంపించినవి చూశాను. దాచి దొరికినవాడికి పాస్ ఇప్పించలేకపోయాను, ఒక్కసారి కూడా. తీర్పు సర్టిఫైడ్ కాపీ కోర్టు నుంచి తెచ్చి జతచేయండి, నోటిమాట చెల్లదు.

కేసు ఇంకా నడుస్తోంది. అవకాశం లేదా?

ఏ కేసు అన్నదాన్ని బట్టి. పొలం గట్టు తగాదా, కుటుంబ తగాదా అయితే కొన్ని ప్లాంట్లు ఎఫ్ఐఆర్, ఛార్జిషీట్ చూసి నిర్ణయిస్తాయి. దొంగతనం, పేలుడు పదార్థాలు, గంజాయి, ఆయుధాల కేసులైతే ఆశ పెట్టుకోకండి. ముఖ్యంగా మన ఏజెన్సీ వైపు కుర్రాళ్లకు చెబుతున్నా, ఎవడో బండి మీద మూట ఎక్కించుకుని రమ్మన్నాడని వెళ్తే ఆ ఒక్క రాత్రికి పదేళ్ల గేట్‌పాస్‌లు పోతాయి.

పదహారేళ్ల వయసులో ఓ కేసు అయింది, జువెనైల్ బోర్డుకు వెళ్లింది. అదీ అడ్డమేనా?

కాకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ వయసులో జరిగినదాని వల్ల తర్వాత అనర్హత రాకూడదు, పదహారు దాటాక చేసిన ఘోరమైన నేరానికి పెద్దవాడిలా విచారించిన సందర్భం తప్ప. స్టేషన్ రిపోర్టులో అది కనబడితే ఆ సెక్షన్ పేరు చెప్పి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.

పేకాట, డ్రంకెన్ డ్రైవ్, లోక్ అదాలత్‌లో రాజీ... ఇవన్నీ లెక్కలోకి వస్తాయా?

రికార్డులో కనబడతాయి, ఒంటరిగా ఇవి ఒక మనిషిని ఆపడం అరుదు. ఫైన్ కట్టిన రసీదు, రాజీ అవార్డు కాపీ ఉంచుకోండి. కోర్టు శిక్ష వేయకుండా ప్రొబేషన్ మీద వదిలేసి ఉంటే, 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ మీకు అండగా ఉంటుంది, ఆ నేరనిర్ధారణ వల్ల వచ్చే అనర్హత అంటకూడదని అది చెబుతుంది. అయితే డ్రంకెన్ డ్రైవ్ కేసున్నవాడు గేటు దగ్గర మందు వాసనతో దొరికితే మాత్రం నన్నడగొద్దు.

స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణ మీద ధర్నాలో కూర్చున్నందుకు కేసు పెట్టారు. పాస్ ఆపేస్తారా?

2021 జనవరిలో అమ్మకం నిర్ణయం వచ్చాక ఇది అడిగేవాళ్లు చాలామంది. ధర్నా కేసు దొంగతనం కేసు కాదు, ఎఫ్ఐఆర్‌లో సెక్షన్లు చూస్తేనే అర్థమైపోతుంది. కానీ రాతలో ఉన్న కేసు కాబట్టి ఫారంలో అడిగితే రాయండి, కాపీ పెట్టండి. యూనియన్‌లో ఉన్నందుకే పాస్ ఆపారని అనుమానం వస్తే వెంటనే యూనియన్ ద్వారా లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లండి. వెరిఫికేషన్ పేరు చెప్పి నచ్చనివాళ్లను బయట పెట్టడం ఎక్కడా జరగదని నేను అనను.

నా మీద రౌడీషీట్ ఉంది, కానీ కేసులన్నీ పోయాయి.

రౌడీషీట్ కోర్టు వేసేది కాదు, పోలీసులు తమ స్టాండింగ్ ఆర్డర్ 601 కింద తెరిచేది. కేసులు కొట్టేసినంత మాత్రాన దానంతటది మూసుకోదు. తీర్పుల కాపీలతో ఎస్పీకో కమిషనర్‌కో మూసేయమని అర్జీ పెట్టండి, కదలకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. అది మూసుకునేదాకా గేట్‌పాస్ ఊసే వద్దు, అప్లికేషన్ పెట్టి రిజెక్ట్ చేయించుకుంటే ఆ రిజెక్షన్ ఇంకో మరక.

## గేటు దగ్గర

వేలిముద్ర పడట్లేదు, రోజూ అరగంట నిలబెడుతున్నారు.

సిమెంటు, గ్రైండింగ్, రాడ్ బెండింగ్ చేసేవాళ్ల వేళ్లు చూడండి, అరచెయ్యి అద్దంలా ఉంటుంది, గీతలే ఉండవు. మిషన్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుని, పొద్దున్న వేళ్లు కడిగి పొడిగా తుడిచి పెట్టండి. ఎన్‌రోల్ చేసేటప్పుడే తక్కువ అరిగిన వేలు, అంటే చిటికెనో ఎడమచేతి ఉంగరపు వేలో ఇవ్వండి. చాలా గేట్లలో ఇప్పుడు ముఖం చూసే మిషన్లు వచ్చాయి, అడిగి దానికి మార్పించుకోండి.

ఫోన్ ఎందుకు తీసేసుకుంటారు? బీడీ కూడానా?

ఫోన్‌తో నిప్పురవ్వ ముప్పు, ఫోటోల ముప్పు రెండూ ఉన్నాయి. బీడీ, అగ్గిపెట్టె, లైటర్ పెట్రోలియం ఉన్న చోటికి తీసుకెళ్లడం 2002 పెట్రోలియం రూల్స్ ప్రకారమే నిషేధం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు రొంటిన చుట్ట మర్చిపోయి వచ్చేస్తారు, తెలిసి చేసింది కాకపోయినా పాస్ గుంజేసుకుంటారు. మేస్త్రిలూ, బస్సు దిగగానే ఒకసారి మీరే చూడండి.

ఒళ్లంతా తడిమి చూస్తారు. ఆడవాళ్లను కూడానా?

సీఐఎస్ఎఫ్‌కు చట్టప్రకారమే సోదా చేసే, అవసరమైతే వారెంట్ లేకుండా అరెస్ట్ చేసే అధికారం ఉంది, వాళ్లను మామూలు వాచ్‌మన్ అనుకుని ఎదురు మాట్లాడకండి. ఆడవాళ్లను ఆడ సిబ్బందే, మరుగున చూడాలి. వాళ్లు లేని గేటు దగ్గర మగవాళ్లు చెయ్యి వేయబోతే ఆగిపోయి మహిళా సిబ్బందిని పిలవమనండి, అది మొండితనం కాదు, మీ హక్కు.

ఈ ఒక్కరోజు మా అన్న పాస్ మీద వెళ్లొచ్చా? ముఖం ఒకేలా ఉంటుంది.

వెళ్లొద్దు. దొరికితే ఇద్దరి పాస్‌లూ పోతాయి, కాంట్రాక్టర్‌కు నోటీసు. దొరక్కపోతే ఇంకా ఘోరం. లోపల ఏదైనా జరిగితే రికార్డులో ఉండేది మీ అన్న, ఆసుపత్రిలో ఉండేది మీరు. ఈఎస్ఐ, నష్టపరిహారం కోసం మీ ఇంట్లోవాళ్లు ముందు అక్కడ పనిచేసింది మీరేనని నిరూపించుకోవాలి.

## పాస్ రానప్పుడు

రిజెక్ట్ అయింది, కారణం ఎవరూ చెప్పట్లేదు.

ముందు ఎక్కడ ఆగిందో తేల్చుకోండి. ఎత్తులో పనిచేయడానికిచ్చే హైట్ పాస్‌కు బీపీ ఎక్కువుందని మెడికల్‌లో ఆపారా, పీఎఫ్‌లోనా, పోలీస్ రిపోర్టులోనా? మెడికల్ అయితే అది పోలీస్ రికార్డులోకి వెళ్లదు, మందులు వాడి మళ్లీ రావచ్చు. పోలీస్ రిపోర్ట్ అయితే మీ అప్లికేషన్, దాని మీద ఇచ్చిన నివేదిక కాపీ కోసం ఎస్పీ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. సీఐఎస్ఎఫ్‌ను అడిగి లాభం తక్కువ, సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్‌లో మినహాయింపు ఉన్న సంస్థల్లో అదీ ఒకటి. అవినీతి, మానవ హక్కుల ఆరోపణ అయితే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

మా ఊళ్లో నా పేరుతో ఇంకొకడున్నాడు, వాడి కేసు నాకు తగిలించారు.

సింహాచలం చుట్టుపక్కల ఊళ్లలో వీధికో అప్పలరాజు, అప్పన్న ఉంటారు, ఇది రోజూ జరిగేదే. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎఫ్ఐఆర్ నంబర్ పక్కపక్కన పెట్టి ఒక అర్జీ రాయండి, సర్పంచ్ దగ్గరో సచివాలయంలోనో ఇద్దరూ వేరని కాగితం తీసుకోండి. కేసున్న అప్పలరాజు ఒప్పుకుంటే అతని ఆధార్ కాపీ కూడా జతచేస్తే మూడు రోజుల్లో తేలిపోతుంది. ఒకసారి ఇద్దరినీ ఒకే ఆటోలో స్టేషన్‌కు తీసుకెళ్లాను, ఎస్సై నవ్వి అక్కడికక్కడే రాసిచ్చాడు.

## గల్ఫ్, అమెరికా వెళ్లేవాళ్లకు

అబుదాబి రువైస్‌లో షట్‌డౌన్ పని. పీసీసీ ఉంటే సరిపోతుందా?

పీసీసీ పాస్‌పోర్ట్ సేవలో 500 రూపాయల ఫీజుతో వస్తుంది, అది దేశం దాటడానికి. రువైస్, దాస్ ద్వీపం లాంటి ఆయిల్ ప్రాంతాల్లోకి వెళ్లాలంటే అక్కడి కీలక స్థావరాల రక్షణ సంస్థ ఇచ్చే పాస్ కావాలి, కార్మికులంతా సీఐసీపీఏ పాస్ అంటారు. దానికి అప్లై చేసేది మీరు కాదు, అక్కడి కంపెనీ. అది వచ్చేదాకా క్యాంపులో కూర్చోవాల్సిందే, కాబట్టి ఆ రోజులకు జీతం ఇస్తారా లేదా అన్నది హైదరాబాద్‌లోనో జగిత్యాలలోనో సంతకం పెట్టే ముందే అడగండి.

హ్యూస్టన్‌లో ప్రాసెస్ ఇంజనీర్‌ని, హెచ్1బీ మీద ఉన్నాను. ట్విక్ కార్డ్ ఇస్తారా?

ఇస్తారు, హెచ్1బీ, ఎల్1 రెండూ అర్హమైన వీసాల జాబితాలో ఉన్నాయి. పోర్టులు, ఓడలు ఆగే రిఫైనరీల భద్రతా ప్రాంతాల్లోకి ఎస్కార్ట్ లేకుండా వెళ్లాలంటే ఈ కార్డు కావాలి, వేలిముద్రలు తీసుకుని అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ చూస్తుంది, ఐదేళ్లు చెల్లుతుంది. నాకు అందులో నచ్చింది ఒకటుంది. ఏ నేరాలకు ఎప్పటికీ ఇవ్వరో, ఏ నేరాలకు శిక్ష పడి ఏడేళ్లు, జైలు నుంచి వచ్చి ఐదేళ్లు దాటితే ఇస్తారో జాబితా బయటే పెట్టారు. కాదంటే అప్పీలు చేసుకోవడానికి 60 రోజులు. అలాంటి జాబితా మన గేట్‌పాస్ సెక్షన్ గోడకు అంటిస్తే నాకొచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి.

అమెరికా కెమికల్ ప్లాంట్లలో ఉగ్రవాదుల జాబితాతో పేర్లు సరిచూసేవారు కదా, ఇప్పుడు ఆగిపోయిందట, నిజమా?

నిజమే. 2007 నుంచి నడిచిన సీఫ్యాట్స్ నిబంధనల కింద ముప్పు ఎక్కువున్న కెమికల్ ప్లాంట్లు నాలుగు చూడాల్సి వచ్చేది: మనిషి గుర్తింపు, నేరచరిత్ర, పనిచేసే అర్హత, ఉగ్రవాదుల జాబితాలో పేరుందా లేదా. ఆ నాలుగోది ప్రభుత్వం తప్ప ఎవరూ చూడలేరు. అమెరికా కాంగ్రెస్ పొడిగించకపోవడంతో 2023 జూలై 28న ఆ చట్టం గడువు తీరిపోయింది, దాంతో దాని కింద జరిగే ఆ పరిశీలన ఆగిపోయింది. కంపెనీల సొంత బ్యాక్‌గ్రౌండ్ చెక్, వర్క్ పర్మిట్ చూడటం మామూలుగానే ఉంటాయి, కాబట్టి ఆఫర్ లెటర్ వచ్చాక వాళ్లు పంపే ఫారంలో పాత ఇళ్ల చిరునామాలన్నీ, నెలలతో సహా, ఖాళీలు లేకుండా నింపండి.